పృచ్ఛకుడు లేని అవధానం

పుస్తకాన్ని చదవటానికి పట్టుకొనే తీరు వేరు, పట్టుకొని తిరగటానికి పట్టుకొనే తీరు వేరు. మొదటి తీరులో పుస్తకం తెరచి ఉంటుంది. రెండవ తీరులో పేరు బయటికి కనబడేటట్లు మూసి ఉంటుంది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుమీద సాయంకాలం షికారుకు వచ్చే విద్యార్థుల చేతులలో గాని, భీమవరం, నరసాపురం వైపు పోయే రైలుపెట్టెలలో గాని ఈ రెండవ తీరు పుస్తకాలు తరతరాలుగా కనబడుతూనే ఉన్నవి. పేర్లు మాత్రం కాలాన్నిబట్టి మారినవి. ఒకనాడు వసుచరిత్ర, తరువాత షేక్స్పియరు, ఆపైన మార్క్సు వ్రాసిన 'పెట్టుబడి', మరికొంత కాలానికి సార్త్రు, కామూ. నేడు పుస్తకాన్ని చంకన పెట్టుకొని తిరిగే శ్రమ కూడ తప్పినది. కాఫీగ్లాసు ప్రక్కన అట్ట కనబడేటట్లు ఉంచి, సెల్‌ఫోనుతో ఫొటో తీసి పదిమందికి పంపితే చాలును.

ఇతరుల మెప్పుకోసం కఠినగ్రంథాలను చదవటం, లేదా చదివినట్లు కనబడటం అనే ఈ అలవాటును గురించి ఈ వ్యాసంలో కొంత విచారింపదలచినాము. దీనిని చూచి నవ్వి ఊరుకోవటం సులభం. కాని మన కళాశాలవంటి చోట, పాఠ్యపుస్తకం తప్ప వేరు పుస్తకం ఎన్నడూ గడప దాటి లోపలికి రాని ఇండ్లనుండి వచ్చిన పిల్లలు ఇంతమంది ఉన్నచోట, ఇది నవ్వుతో పోయే సంగతి కాదని మా అభిప్రాయం. ఏలననగా ఈ అలవాటువలన నష్టపోయేవాడు పుస్తకం పట్టుకొని తిరిగేవాడు కాదు. అతనిని చూచి బెదరిపోయేవాడు.

కఠినమైనది గొప్పది అనే భావన మనకు క్రొత్తది కాదు. మన ఆలంకారికులు కవిత్వానికి పాకాలు చెప్పారు. ద్రాక్షాపాకం నోట వేసుకొంటేనే రసం. కదళీపాకానికి తొక్క తీయాలి. నారికేళపాకానికి పీచు ఒలవాలి, టెంక పగులగొట్టాలి, అప్పుడుగాని లోపలి కొబ్బరీ నీరూ దక్కవు. ఆముక్తమాల్యదను ఈ మూడవదానికి ఉదాహరణగా చెప్తారు. కోనసీమవారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. నేలలో పాతిన గునపంమీద కాయను గ్రుచ్చి, రెండు మూడు మెలికలలో డొక్కను ఊడదీసే మనిషిని వారు నిత్యం చూస్తూనే ఉంటారు. ఆ పనిలో బలం ఉన్నది, నేర్పు ఉన్నది, ఆడంబరం మాత్రం లేదు. అతనికి కావలసినది లోపలి కాయ. మెప్పుకోసం చదివేవాడు కాయను ఒలవడు, డొక్కతోనే చంకన పెట్టుకొని ఊరంతా తిరుగుతాడు. ఇట్టివారిని గురించి 'కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్లు' అని మన పెద్దలు అంటారుగాని, ఆ సామెతలోని కోతి స్థితి ఎంతో మేలు. దానికి దొరికినది చిప్ప, అనగా అప్పటికే పగిలినది.

కఠినకావ్యాల ప్రతిష్ఠకు మన రాజమహేంద్రవరం పాత నివాసమే. సంస్కృతపండితులలో ఒక లోకోక్తి ఉన్నది. కాశీఖండం ఇనుపముద్ద అనీ, నైషధం విద్వాంసులకు ఔషధమనీ దాని భావం. శ్రీనాథుడు ఈ రెంటినీ తెనిగించాడు. అందులో కాశీఖండాన్ని రాజమహేంద్రవరం ఏలిన వీరభద్రారెడ్డికే అంకితం చేశాడు. అతని శృంగారనైషధాన్ని చూచి పండితులు, మా డుమువులను మాకిచ్చివేసి నీ నైషధాన్ని నీవు తీసుకొనిపొమ్మన్నారని ఒక కథ చెప్పుకొంటారు. సంస్కృతసమాసాలను ఉన్నవి ఉన్నట్లు దించి చివర తెలుగు ప్రత్యయాలు మాత్రం తగిలించాడని వారి హాస్యం. కథ జరిగినదో లేదో అటుంచి, అది ఇంతకాలం నిలిచిందంటే కాఠిన్యాన్ని చూచి చేతులు జోడించేవారితోపాటు పెదవి విరిచేవారూ మనలో ఎప్పుడూ ఉన్నారని తెలుస్తున్నది.

సంస్కృతనైషధం వ్రాసిన శ్రీహర్షుడు పన్నెండవ శతాబ్దివాడు. అతడు తన కావ్యాంతంలో చెప్పిన మాట మన విషయానికి మిక్కిలి దగ్గరిది. తన గ్రంథంలో అక్కడక్కడ ముడులను బుద్ధిపూర్వకంగానే వేశానని అతడు ఒప్పుకొన్నాడు. తన్ను తాను ప్రాజ్ఞుడని భావించుకొనే దుర్జనుడు బలవంతంగా చొరబడి ఆ కావ్యంతో ఆటలాడరాదనీ, శ్రద్ధతో గురువును సేవించి ఆ ముడులను విప్పించుకొన్న సజ్జనుడే దాని రసంలో ఓలలాడవలెననీ అతని కోరిక. ఎనిమిదివందల ఏండ్ల క్రిందటనే కవి ఈ రకపు పాఠకుని ఎరుగును! అతనిని బయట నిలబెట్టటానికే తలుపునకు గడియ పెట్టాడు. కాని గడియవలన జరిగినది వేరు. గడియ పెట్టిన గది ముందు నిలుచున్నా గౌరవం దొరుకుతుందని మనవాడు కనిపెట్టాడు. లోపలికి పోవలసిన అవసరం కూడ అతనికి తీరిపోయినది.

ఈ మోహం చిన్నవారిని మాత్రమే పట్టేది కాదు, గొప్పవారినీ పట్టి విడిచినది. రాజమహేంద్రవరంలో 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు యౌవనంలో 'శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము' అనే కావ్యం వ్రాశారు. ఆ పేరును ఒక్కసారి నిదానంగా విప్పి చూడవలెను. శుద్ధాంధ్రం కావున సంస్కృతపదం రాకూడదు. నిరోష్ఠ్యం కావున ప, బ, మ వంటి, పెదవులు కలిపి పలికే అక్షరాలు రాకూడదు. నిర్వచనం కావున నడుమ వచనం రాకూడదు. ఇన్ని 'కూడదు'ల మధ్య నలుని కథ నడవవలెను. 'అమ్మ' అని పిలవటానికైనా వీలులేని భాషలో ఒక కావ్యం! దీనిని చూచి ఆశ్చర్యపడనివాడు లేడు. ఎంతమంది చదివి నలదమయంతుల కష్టానికి కంట తడి పెట్టారన్నది వేరు ప్రశ్న.

అదే చేయి 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించినది. 'రాజశేఖరచరిత్రము' 1878లో ఆ పత్రికలోనే వెలువడి, 1880లో పుస్తకరూపం పొందినది. ఒక సామాన్యగృహస్థు ఇంటిలోని పొరపాట్లు, మూఢవిశ్వాసాలు, కష్టసుఖాలు అందులో కథావస్తువు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతువివాహం జరిపించిన మనిషికి, ఊరిలోని ప్రతి ఇంటికీ తన మాట చేరవలసిన అవసరం ఉన్నది. పెదవులు కదపని భాష ఆ పనికి చాలదు. ఇక్కడ గమనింపవలసినది ఒకటి ఉన్నది. పంతులుగారు కఠినంగా వ్రాయలేక సులభానికి దిగలేదు. కాఠిన్యపు కొమ్మ చివరిదాకా ప్రాకి, అక్కడినుండి చూచి దిగివచ్చారు. 1919లో రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు అధ్యక్షస్థానం స్వీకరించినది కూడ వారే. ఆ ఏడు మే నెలలోనే వారు కీర్తిశేషులైనారు. (ఇంత చెప్పి ఈ వ్యాసాన్ని మేము ఇట్టి భాషలో వ్రాస్తున్నామేమని పాఠకులు నవ్వుకోవచ్చును. వార్షికసంచికలకు ఒక పట్టుపంచె భాష అలవాటైపోయినది, కట్టుకోక తప్పటం లేదు.)

మన సంచిక ఉర్దూ విభాగం చదివేవారికి ఇటువంటిదే మరియొక జీవితం జ్ఞాపకం వస్తుంది. మీర్జా గాలిబు (1797-1869) తొలిదినాలలో ఫారసీకవి బేదిలును అనుసరించి, ఊహలో ఊహను ఇమిడ్చి, విప్పితే గాని విడని షేర్లు వ్రాసేవాడు. ముషాయిరాలలో దీనిని ఎగతాళి చేసినవారు ఉన్నారు. 1841లో దీవాను అచ్చువేసేనాటికి తన తొలికవిత్వంలో చాలభాగాన్ని అతడే తీసివేశాడు. ఆ విడిచిపెట్టిన షేర్లు భోపాలులో దొరికిన పాత వ్రాతప్రతి ద్వారా 1921లో లోకానికి తెలిసినవి. ఇక అతని ఉర్దూ లేఖలు చదివితే మిత్రుడు ఎదుట కూర్చుండి మాట్లాడుతున్నట్లే ఉంటుంది. గోదావరి ఒడ్డున ఒకరు, యమున ఒడ్డున ఒకరు. ఒకరి పేరు ఒకరు విని ఉంటారని కూడ అనుకోలేము. ఇద్దరూ నడచిన దారి మాత్రం ఒకటే.

అయితే ప్రదర్శన యావత్తు దోషమేనా? కాదని చెప్పటానికి మన జిల్లాలలోనే గొప్ప ఆధారం ఉన్నది. అదే అవధానం. కడియంలో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, యండగండికి చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు జంటకవులై ఆంధ్రదేశమంతటా అవధానాలు చేశారు. అవధానంకంటె పచ్చి ప్రదర్శన మరియొకటి ఉన్నదా? సభ నిండా జనం, వేదికమీద కవి, చుట్టూ పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషేధాక్షరి అడుగుతారు, ఒకరు అప్రస్తుతప్రసంగం చేస్తారు, మధ్యలో గంట మ్రోగుతుంది, అన్ని గంటలు కవి లెక్కలో ఉండవలెను. చివరకు పూరించిన పద్యాలన్నిటినీ వరుసగా ధారణ చేసి ఒప్పగించాలి. మెప్పుకోసం కాకపోతే మరి దేనికి ఇదంతా?

కాని అక్కడ పృచ్ఛకుడు ఉన్నాడు. మొత్తం వ్యవహారం అతనిమీద నిలిచి ఉన్నది. తప్పు దొరికితే పట్టుకొనే మనిషిని పిలిచి, ఎదుట కూర్చుండబెట్టి, అడగమని చెప్పిన తరువాతనే అవధాని నోరు విప్పుతాడు. ప్రదర్శనకు పరీక్ష తోడుగా ఉన్నంతవరకు దానిలో అవమానకరమైనది ఏదీ లేదు. మన చంకపుస్తకపు విద్వాంసుడు చేసేది పృచ్ఛకుడు లేని అవధానం. ప్రశ్న రాదన్న ధైర్యంమీదనే అతని సభ నడుస్తుంది. ఇంకొక విశేషం. పరీక్షలకు ఎదురొడ్డి నిలిచిన ఆ జంటకవులే పాండవోద్యోగవిజయాలు వ్రాసినప్పుడు పద్యాన్ని ఎంత తేటగా నడిపారో అందరికీ తెలుసును. అక్షరం రానివారు కూడ రాయబారపు పద్యాలను రాగం తీసి పాడిన ఊళ్లు గోదావరికి ఇటూ అటూ ఎన్నో ఉన్నవి.

ఇక ఈ మెప్పు ఏ విధంగా పని చేస్తుందో చూద్దాము. ఒకడు ఒక కఠినగ్రంథం పేరెత్తి 'చదివాను' అంటాడు. వినేవాడు దానిని చదివి ఉండలేదు. 'అందులో ఏమున్నది?' అని అడిగితే తాను చదవలేదని బయటపడుతుంది. కావున 'అవునవును, గొప్ప గ్రంథం' అని తల ఊపుతాడు. ఆ తల ఊపటంతో మొదటివాని దారి మూసుకొనిపోతుంది. నలభైయవ పుటలోనే ఆగిపోయానని చెప్పాలని అతనికి ఉన్నా ఇప్పుడు చెప్పలేడు. ప్రక్కన నిలుచుండి ఇదంతా వింటున్న మూడవవానికి మాత్రం ఇద్దరు పండితులు కనబడతారు. ఇద్దరు చదవనివారు కలిసి ఒక చదివినవానిని సృష్టించటమంటే ఇదే. సులభమైన పుస్తకంతో ఈ వ్యాపారం సాగదు. వేమనను చదివానని చెప్పుకొంటే దారినపోయే రైతు కూడ నిలబెట్టి ఒక ప్రశ్న వేయగలడు. వేమనను పండితులు చాలకాలం కవుల లెక్కలో చేర్చకపోవటానికి ఇది కూడ ఒక కారణమేమో. బ్రౌనుదొర వ్రాతప్రతులు వెదకి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించేవరకు ఆ పద్యాలకు అచ్చు గౌరవమే లేదు.

ఈ వ్యాపారం మొత్తాన్ని ఒకే రంగంలో చూపినవారు గురజాడ అప్పారావుగారు. వారిది విజయనగరం. కాని కన్యాశుల్కంలోని గిరీశం తెలుగుదేశంలో ప్రతి ఊరివాడూను. వెంకటేశం చదువు ఎంతవరకు వచ్చిందో చూడాలని, గురుశిష్యులను ఇంగ్లీషులో మాట్లాడమని ఇంటివారు అడుగుతారు. గిరీశం పసిపిల్లల గేయం ఎత్తుకొంటాడు. శిష్యుడు వాచకంలోని వాక్యాలు, రేఖాగణితపు సిద్ధాంతాలు అప్పగించి బదులు చెప్తాడు. వింటున్న తల్లి మురిసిపోతుంది. నవ్వు అయిపోయిన తరువాత ఒక సంగతి ఆలోచింపవలెను. ఆ గదిలో గిరీశాన్ని పరీక్షింపగలవాడు ఎవడు? వెంకటేశం ఒక్కడే. అతనికి ఆ మోసం బయటపడకుండటంలోనే మేలు ఉన్నది. తల్లికి అడిగే చనువు ఉన్నది, అడగటానికి కావలసిన భాష లేదు. మన విద్యార్థుల తల్లులలో అటువంటివారు నేటికీ ఎందరో ఉన్నారు. నరసాపురం ప్రాంతాలలో రాత్రింబగళ్లు లేసు అల్లి పిల్లవాని ఫీజు కట్టే తల్లికి, అతని చేతిలోని లావుపాటి పుస్తకం ఎంత గొప్పగా కనబడుతుందో వేరుగా చెప్పాలా?

పాశ్చాత్యదేశాలవారు ఈ విషయంలో మనకంటె మెరుగని అనుకోవలసిన పనిలేదు. స్టీఫెన్ హాకింగు 1988లో ప్రకటించిన కాలచరిత్ర గ్రంథం కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయినది. కొన్నవారిలో చివరిదాకా చదివినవారు బహు తక్కువ అన్న హాస్యం కూడ దానితోపాటే వ్యాపించినది. జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణితశాస్త్రజ్ఞుడు 2014లో ఒక చమత్కారమైన లెక్క వేశాడు. ఎలక్ట్రానిక్ పుస్తకాలలో పాఠకులు గీతలు గీసిన వాక్యాలు ఏ పుటల వద్ద ఉన్నవో చూచి, పాఠకుడు ఎంతదూరం నడిచాడో అంచనా కట్టాడు. హాకింగు పుస్తకంలో ఆ గీతలు సగటున నూటికి 6.6 వంతుల వద్దనే ఆగిపోయినవి. థామస్ పికెట్టీ అనే ఫ్రెంచి ఆర్థికవేత్త పెట్టుబడిమీద వ్రాసిన, సుమారు ఏడువందల పుటల గ్రంథంలో 2.4 వంతుల వద్ద. ఇది శాస్త్రీయమైన లెక్క కాదని, వినోదానికని అతడే చెప్పాడు. అయినను ఏడువందల పుటలలో 2.4 వంతులంటే పదిహేడు పుటలు. పీఠిక దాటేసరికే గీతలు గీయటం ఆగిపోయిందన్నమాట.

ఫ్రాన్సుకే చెందిన సామాజికశాస్త్రవేత్త పియేర్ బూర్ద్యూ 1979లో, అభిరుచి అనేది వర్గభేదాన్ని చాటే గుర్తుగా ఎట్లా పనిచేస్తుందో ఒక పెద్ద గ్రంథంలో వివరించాడు. (ఆ గ్రంథం కూడ చంకన పెట్టుకొని తిరగటానికి తగినదే.) పుట్టుకతో పుస్తకాల మధ్య పెరిగినవాడు వాటితో చనువుగా ఉంటాడనీ, తరువాత వచ్చి చేరినవాడు ఎక్కడ పొరపాటు దొర్లుతుందోనన్న భయంతో ఉంటాడనీ అతని పరిశీలన. మన విద్యార్థికి ఇది అక్షరాలా సరిపోతుంది. వకీలు కుమారుడు 'నాకు ఆముక్తమాల్యద అర్థం కాలేదు' అని నవ్వుతూ చెప్పగలడు. అతని గౌరవానికి భంగం లేదు. పడవ నడిపేవాని కుమారుడు అదే మాట చెప్తే, ఇతనికెందుకీ చదువులు అంటారేమోనని అతని భయం. అందుచేత అతడు రెండు దారులలో ఒకటి పడతాడు. తానూ చదివినట్లు నటిస్తాడు, లేదా అది తనవంటివారి కోసం కాదని గ్రంథాలయం మెట్లు దిగిపోతాడు. నటించేవాడు నాలుగేండ్లకో పదేండ్లకో సర్దుకొంటాడు. మెట్లు దిగిపోయినవాడు మళ్లీ రావటం మేము తక్కువగా చూచినాము.

అటువంటి విద్యార్థికి మేము చెప్పదలచిన కథ బుఖారా నగరానిది. ఇబ్నెసీనా (980-1037) తన జీవితకథలో స్వయంగా చెప్పుకొన్నాడు. పిన్నవయస్సులోనే వైద్యం, తర్కం, గణితం సాధించిన ఆ మేధావి అరిస్టాటిల్ వ్రాసిన తత్త్వగ్రంథం వద్ద ఆగిపోయాడు. నలభైసార్లు చదివాడు. గ్రంథం కంఠస్థమైనది. అర్థం మాత్రం కాలేదు. ఈ పుస్తకాన్ని గ్రహించే దారి లేదని నిరాశ చేసుకొన్నాడు. ఒకనాటి సాయంకాలం పుస్తకాల అంగళ్ల వీథిలో ఒక దళారి ఒక పుస్తకం కొనమని వెంటబడ్డాడు. ఈయన వద్దన్నాడు. చౌకగా మూడు దిర్హములకే వస్తుందని బ్రతిమాలితే కొన్నాడు. అది ఆ గ్రంథపు ఆశయాలను వివరిస్తూ అల్ ఫారాబీ వ్రాసిన చిన్న పుస్తకం. ఇంటికి పోయి చదివేసరికి, అప్పటికే నోటికి వచ్చిన గ్రంథమంతా ఒక్కసారిగా విడిపోయినది. ఆ సంతోషంతో మరునాడు బీదలకు దానం చేశాడు.

ఈ కథలో నలభైసార్లు చదవటం గొప్ప అనుకొంటారు గాని, మాకు గొప్పగా కనబడేది వేరు. నలభైసార్లు చదివినా అర్థం కాలేదని వ్రాసిపెట్టటం. గ్రంథం మొత్తం నోటికి వచ్చిన మనిషి ఏ సభలోనైనా దానిని అప్పగించి మెప్పు పొందవచ్చును. అప్పగించటానికీ అర్థం కావటానికీ ఉన్న దూరాన్ని అతడు తనంత తానే కొలుచుకొన్నాడు. అతనికి అతడే పృచ్ఛకుడు. మరియొక సంగతి, తలుపు తీసినది చిన్న పుస్తకం. పెద్ద గ్రంథానికి చిన్న వ్యాఖ్య చదవటం నామోషీ అనుకొనే మన పిల్లలు దీనిని జ్ఞాపకం ఉంచుకోవలెను. ఇస్లామీయ విద్యాసంప్రదాయంలో ఇజాజా అనే పద్ధతి ఉండేది. శిష్యుడు గ్రంథాన్ని గురువు ఎదుట చదివి, అతనిని మెప్పించిన తరువాతనే, ఫలానా గ్రంథాన్ని బోధించటానికి అర్హుడని అతనికి పత్రం దొరికేది. పుస్తకం పేరు చెప్పుకోవటానికే ఒక సాక్షి కావలసి ఉండేదన్నమాట.

ముడి విప్పి ఇతరులకు అందించినవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. పిఠాపురం వాస్తవ్యులు ఉమర్ ఆలీషాగారు (1885-1945) తెలుగు, సంస్కృతం, ఫారసీ, అరబ్బీ, ఉర్దూలలో పండితులు. ఇన్ని భాషలు వచ్చినవానికి మెప్పు పొందటం చాల సులభం. ఎదుటివానికి రాని భాషలో ఒక పద్యం చదివితే సరిపోతుంది. వారు ఖయ్యాం రుబాయీలను తెలుగుపద్యాలుగా తెచ్చి తెలుగువాని చేతికిచ్చారు. వేదవేదాంగాలు చదివిన ఇంట పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891-1961) తూర్పు గోదావరి ఇండ్లలో ఆడవారు మాట్లాడే తెలుగులో కథలు వ్రాశారు. ఆ కథలను చంకన పెట్టుకొని తిరిగితే ఎవరికీ గొప్పగా కనబడదు, నిజమే. తెరచి చదివితే మాత్రం పది పండితసభల భాష ఆ ఒక్క వంటింటి సంభాషణకు చాలదని తెలుస్తుంది.

విద్యార్థులలో మరియొక చెడ్డ అలవాటు, సులభమైన పుస్తకాన్ని దాచుకొని చదవటం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934 ప్రాంతంలో నవలలకు పోటీ పెట్టినప్పుడు విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు, భీమవరం ప్రాంతపు బిడ్డ అడివి బాపిరాజుగారి నారాయణరావు బహుమానాన్ని సమంగా పంచుకొన్నవి. ఒకటి అడవి, ఒకటి తోట. న్యాయనిర్ణేతలకు తోటను చూచి సిగ్గుపడవలసిన అవసరం కనబడలేదు. నారాయణరావు చదివి ఆనందించి, బయట మాత్రం వేయిపడగలు పేరు చెప్పే విద్యార్థి రెండు పుస్తకాలకూ అన్యాయం చేస్తున్నాడు.

అంతమాత్రంచేత, చంకన పుస్తకం పెట్టుకొని తిరిగే పిల్లవానిని మేము పూర్తిగా నిందింపజాలము. డబ్బుకు, బలానికి, కులానికి నలుగురు లేచి నిలబడే లోకంలో, ఒక పిల్లవాడు పుస్తకంవలన గౌరవం వస్తుందని నమ్మటం చెడ్డ నమ్మకం కాదు. బండిమీద గొప్ప చూపించుకొనేవాని కంటె ఇతడు మాకు ఇష్టుడే. పుస్తకం చేతిలో ఉన్నది గనుక ఎప్పుడో ఒక వర్షపురాత్రి, రైలు ఏ స్టేషనులోనో గంటలకొద్దీ ఆగిపోయినప్పుడు, చేయటానికి మరేమీ లేక తెరువవచ్చును. చేతిలో లేనివానికి ఆ అవకాశమైనా లేదు.

కావున కమిటీవారికి మా మనవి, నటనను శిక్షించమని కాదు, ప్రశ్నకు చోటు చేయమని. కళాశాల గ్రంథాలయాలలో సాధారణంగా కనబడే దృశ్యం ఒకటి ఉన్నది. బంగారు అక్షరాల అట్టలతో ఉన్న సంపుటాలు అద్దాల బీరువాలో ముందు వరుసన, తాళం లోపల. వచ్చిన అతిథులకు చూపటానికి అవి చాల బాగుంటవి. పుస్తకాన్ని చూపటానికి ఉంచిన సంస్థ, విద్యార్థి దానిని చూపటానికి పట్టుకొన్నాడని ఎట్లా అనగలదు? శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఒక మంచి ఉర్దూ లుగత్, ఒక ఇంగ్లీషు నిఘంటువు, ఈ నాలుగు బీరువానుండి తీసి బల్లమీద ఉండవలసినవి. అవి నలిగితే మళ్లీ కట్టు కుట్టించవచ్చును. టీకలు, వ్యాఖ్యలు, పిల్లలకోసం వ్రాసిన సంగ్రహాలు మూలగ్రంథం ప్రక్కనే, అదే అరలో ఉండాలి. రాజమండ్రిలో వాసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడిన గౌతమీ గ్రంథాలయానికి ఏడాదికొకసారి విద్యార్థులను తీసుకొనిపోతే, తాటాకుప్రతులు కూడ చూడవచ్చును. అంత శ్రమపడి ఆకు ఆకునా గంటంతో వ్రాసినవాడు దానిని ఎవరి మెప్పుకోసం వ్రాశాడో వారే ఊహించుకొంటారు.

ఇది కాక ఇంకొక చిన్న పని ఉన్నది. గ్రంథాలయం బల్లకు ఒక నోటుపుస్తకాన్ని త్రాడుతో కట్టి ఉంచాలి. పుస్తకం తిరిగి ఇచ్చే విద్యార్థి అందులో తేదీ, గ్రంథం పేరు, తాను ఆగిన పుట సంఖ్య, అర్థంకాని మాట లేక వాక్యం వ్రాయాలి. తన పేరు వ్రాయనక్కరలేదు. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా సరే. శుక్రవారంనాడు ఆఖరి గంటలో అధ్యాపకులలో ఒకరు ఆ నోటుపుస్తకం తెరచి, తనకు తెలిసినది చెప్పాలి. తెలియనిదాని ఎదుట 'నాకును తెలియదు' అని వ్రాసి సంతకం పెట్టాలి. మొదటి సంతకం తెలుగుశాఖవారిదో ఉర్దూశాఖవారిదో వారే తేల్చుకొంటారు. కాగితం, త్రాడు, పెన్సిలు ఖర్చు తప్ప కమిటీవారికి ఇందువలన వేరు వ్యయం ఏదీ లేదు.